కిషన్‌బాగ్‌లో చదివిన కవిత

కవిత్వం కాలానికి సాక్ష్యం చెబుతుందా అని పాతబస్తీలో ఇద్దరు కవులను అడిగి, నా అభిప్రాయం కూడా కలిపి వ్యాసం రాయమని ఒక పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. దానికి నాకంటే తగినవాడు లేడన్నాడు. ఆ మాటకు ఉబ్బిపోయి ఒప్పుకున్నాను. రెండేళ్ళ కిందట వానలకు మురుగు నాలా పొంగి, కిషన్‌బాగ్‌లో కొమురేశ్ అనే పాలాయన తన కొట్టంలోనే బర్రెలతోపాటు మునిగి చనిపోయాడు. వారం తర్వాత అటువైపు పోయి, ఒక హోటల్లో చాయ్ తాగుతూ నాలుగు మాటలు విని కవిత రాసి పత్రికకిచ్చాను. దానికి అవార్డు వచ్చింది. శాలువా కప్పినాయన మైకులో నన్ను ప్రత్యక్ష సాక్షి అన్నాడు. నేను కాదనలేదు.

కాజీపేటలో పొద్దున ఆరున్నరకు రైలెక్కాను. జనగామలో ఎక్కిన ఒక పెద్దాయన నా చేతిలో పుస్తకం చూసి, ఎక్కడికని అడిగాడు. పాతబస్తీలో కవులను కలవడానికి అన్నాను. "కవులతోని ఏం పని సార్, గక్కడ జూ ఉంటది, చూసి రాండ్రి" అన్నాడు. నవ్వి పుస్తకంలో తల దూర్చాను. సాయంత్రానికి ఆయన మాట వింటే బాగుండేదనిపించింది.

తొమ్మిదింటికి సికింద్రాబాద్‌లో దిగి, స్టేషన్ ఎదుట సిటీ బస్సెక్కితే చార్మినార్ చేరేసరికి పదిన్నర. అక్కడ ఒక చిన్న హోటల్లో కిచిడీ, ఖట్టా తిన్నాను. పదకొండు దాటితే గిన్నె అడుగే మిగులుతుంది కాబట్టి వెళ్ళేవాళ్ళు ముందుగా వెళ్ళాలి. బార్కస్‌కు షేర్ ఆటోలు దొరుకుతాయి. నలుగురు కూర్చునే చోట ఏడుగురం కూర్చున్నాం.

బార్కస్‌లో ఉండే ఉర్దూ కవి సాలెహ్ భాయ్‌కి డెబ్బై దాటాయి. ముత్తాత అరబ్బు సిపాయి, ఈయన లుంగీల వ్యాపారి. ముషాయిరాల్లో, అంటే కవిసభల్లో మాత్రం ఆయన గజల్ ఎత్తుకుంటే జనం మళ్ళీ మళ్ళీ చదివించుకుంటారు. సులేమానీ చాయ్ తెప్పించి, నా ప్రశ్న విని, ఇంతవరకు రాసిన షేర్‌లలో, ఏ ఒక్క ద్విపదలో కూడా మనిషి పేరు పెట్టలేదన్నాడు. బతికున్నవాళ్ళదీ పెట్టలేదు, పోయినవాళ్ళదీ పెట్టలేదు. అది భయం కాదా అని అడిగాను. ఆయన చేతిలో లుంగీ మడత ఆగలేదు.

"గజల్‌ల అబద్ధం ఉంటదని అందరికీ ఎరుకే అన్నా. పేరు పెట్టినంక అది షాయరీ కాదు, గవాహీ, సాక్ష్యం. గవాహీ తప్పైతే ఇంకోని కడుపు మీద పడ్తది."

నోట్‌బుక్‌లో ఆయన పేరు పక్కన 'పలాయనవాది' అని రాసుకున్నాను. తెలివైన మాట రాశానని నాలో నేనే మురిసిపోయాను కూడా.

పన్నెండున్నరకు బహదూర్‌పురాలో రెండో కవి సుజాత టీచర్ ఇంటికి చేరాను. ఆమె బడిలో తెలుగు చెబుతుంది, తెలుగులోనే రాస్తుంది. సాలెహ్ భాయ్ మాట చెబితే తల అడ్డంగా ఊపింది. పేరు, గల్లీ, తారీఖు లేకుండా బీదవాడి గురించి రాస్తే వాడు రెండోసారి మాయమైనట్టే అని ఆమె వాదన. నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే నేనూ పేరు పెట్టే రాశాను. కానీ ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఎవరి మీద రాస్తే వాళ్ళింటికి పోయి చదివి వినిపిస్తుంది. వాళ్ళు ఊఁ అంటేనే అచ్చుకిస్తుంది. ఒకామె, నేను ఏడ్వనే లేదు, ఏడ్చినట్టు ఎందుకు రాసినవని అడిగితే టీచర్ ఆ కవిత మొత్తం చింపేసిందట. పప్పుచారు వడ్డిస్తూ ఆ సంగతి మామూలుగా చెప్పి, వెంటనే అడిగింది.

"మీరు కొమురేశ్ మీద రాసిన్రు గద సార్. వాళ్ళవ్వకు చదివిన్రా?"

అతనికి తల్లి ఉన్నదనే నాకు తెలియదు. ఇవాళ చదువుదామనే వచ్చానని అబద్ధమాడాను. కొట్టం గుర్తులు చెప్పి, తను అన్నానికే ఇంటికొచ్చానని, మళ్ళీ బడికి పోవాలని నన్నే వెళ్ళమంది. పత్రికకు అక్కడ ఒక ఫొటో తీసుకోవచ్చులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

రెండున్నరకు కిషన్‌బాగ్. ఎండకు గల్లీలో నరమానవుడు లేడు. నాలా పక్కన రేకుల కొట్టం, నాలుగు బర్రెలు, నులక మంచం మీద నిద్రపోతున్న మనిషి. కొమురేశ్ వాళ్ళ అన్నయ్య మల్లేశ్ అక్కడుంటాడని టీచర్ చెప్పింది, ఇతనే అనుకున్నాను. "మల్లేశ్" అని మెల్లగా పిలిచాను. ఒక్క పిలుపుకే లేచి కూర్చున్నాడు.

నా పేరు చెప్పాను. "ఎరుకే సార్, మీ పేరు మా ఇంట్ల అందరికీ ఎరుకే" అన్నాడు. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను. అతను లోపలికి పోయి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫైలు తెచ్చాడు. అందులో పై కాగితం ఒక ఆఫీసు వాళ్ళ విచారణ నివేదిక. వరద వస్తున్నదని మైకులో ముందే హెచ్చరించినా మృతుడు పశువులను వదిలి రాలేదని, ఈ విషయం పత్రికల్లో కూడా వచ్చిందని, అందువల్ల పరిహారం రాదని అందులో ఉంది. దానికి పిన్ను కొట్టి నా కవిత. రెండు పంక్తుల కింద ఎర్ర ఇంకు గీత.

*గల్లీ అంతా పిలిచింది, అతను రాలేదు*
*రాత్రంతా బర్రెల కళ్ళలో కళ్ళుపెట్టి ఉండిపోయాడు*

"రాత్రి గాదు సార్, పగటీలి" అన్నాడు మల్లేశ్. "మేం మూడింటికి లేచి పాలు పిండుతం. పగటీలి అన్నం తిని పంటం. వాడు పన్నోడు పన్నట్టే పోయిండు. మైకు రాలే. ఎవ్వలు పిలిచిన్రు సార్? మీకు ఎవ్వలు చెప్పిన్రు?"

నాకెవరూ చెప్పలేదు. హోటల్లో ఒకడు, పాపం బర్రెలతోనే పోయాడు అన్నాడు. మిగతాది అందం కోసం నేను కల్పించాను. పాలవాడు పగలు పడుకుంటాడన్న ఇంగితం కూడా లేని నేను మహా సాక్షిని.

తిట్టి ఉంటే బాగుండేది. అతను తెల్లకాగితం నా ముందు పెట్టి, చూడలేదని రాసివ్వమన్నాడు. పెన్ను తీసి, కవిత్వంలో కల్పన సహజమని, ఊహ కూడా ఒక సత్యమని ఆరు వాక్యాలు లాగించాను. అతను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, ఇది వద్దన్నాడు. "చూడలే అని ఒక్క ముక్క రాయుండ్రి, చాలు." ఆ ఒక్క ముక్క దగ్గర నా చెయ్యి ఆగింది. శాలువా, అవార్డు, మైకులో చెప్పిన మాట అన్నీ గుర్తొచ్చాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. కొమురేశ్ చావును నేను చూడలేదని, గల్లీ పిలిచిందన్నది నా కల్పన అని రాసి సంతకం చేశాను. ఇది ఇప్పుడు పనికొస్తుందా అని అడిగితే, పోయిన నెలే అప్పీలు కొట్టేశారని, పై ఆఫీసులో ఇంకొకటి పెట్టామని, నమ్మకం లేదని చెప్పాడు.

ఇంతలో గుమ్మంలో బియ్యం ఏరుతున్న ముసలామె ఏంది లొల్లి అని అడిగింది. వాళ్ళమ్మే. తమ్ముని మీద రాసిన సారు వచ్చాడని మల్లేశ్ చెబితే, చదవమంది. పారిపోవడానికి దారి లేదు. చదివాను. ఆమె చేట పక్కన పెట్టి చివరిదాకా విన్నది.

"మంచిగనే ఉంది సారూ. ఎవలి మీద రాసినవ్?"

"మీ కొడుకు మీదనే అవ్వా" అన్నాను.

"మావోడు గాదు" అని చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "మావోడు ఒక్క పిలుపుకే లేస్తుండె."

ఫొటో తీయలేదు. నాలుగున్నరకు బహదూర్‌పురాలో బస్సెక్కి, అఫ్జల్‌గంజ్‌లో మారి, సికింద్రాబాద్‌లో ఆరుంబావు రైలు అందుకున్నాను. భువనగిరి దగ్గర సంపాదకుడు ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను. అదంతా వ్యాసంలోకి రాదని, కవుల అభిప్రాయాలు రాస్తే చాలని, అవార్డు ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని అన్నాడు. అందుకే ఆ వ్యాసం మానుకుని ఇది రాస్తున్నాను. నోట్‌బుక్‌లో సాలెహ్ భాయ్ పేరు పక్కన రాసిన మాట కొట్టేశాను. పేరు పెట్టొద్దన్న ఆయనా, పెట్టి తీరాలన్న టీచరూ ఇద్దరూ నిజాయితీపరులే. పేరు వాడుకుని, మనిషిని అడగనివాణ్ణి నేనొక్కణ్ణే.

మీలో ఎవరైనా కిషన్‌బాగ్ వెళ్తే నాలా గట్టునే పొండి, కొట్టం తేలిగ్గానే దొరుకుతుంది. మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి, పాలవాళ్ళు పడుకునే వేళ. తప్పనిసరై వెళ్తే బయట నిలబడి ఒక్కసారి పిలవండి. లేస్తారు.