సుహాసిని ఏ గణంలో పడుతుంది?

నేను పద్యాలు రాస్తాను. రాయగడ రైల్వే కాలనీలో ఎవరి దగ్గరన్నా ఈ మాటంటే వాళ్లకి అర్జెంటుగా ఏదో పని గుర్తొస్తుంది. బోగీల కింద దూరి బ్రేకులు చూడటం నా ఉద్యోగం. పద్యాలూ అక్కణ్నుంచే వస్తాయని మా చుట్టాల అభిప్రాయం. మా చర్చిలో ఎవరింట పెళ్లయినా, పుట్టినరోజయినా అడక్కుండానే ఒక ఆటవెలది రాసుకుని హాజరైపోతాను.

మా ఆవిడ సుహాసిని ఆసుపత్రిలో నర్సు. బొయిపరిగుడలో మొదలుపెట్టి, ఇక్కడ ఈ మార్చిలో రిటైరయింది. ఊరందరి మీదా రాసినవాణ్ని, ఆవిడ మీద ఒక్కటీ రాయలేదు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు గానీ మనసులో ఉందని నాకు తెలుసు. వీడ్కోలు సభలో ఆ లోటు తీర్చేద్దామనుకున్నాను. రాసి, వంటింట్లో నిలబడి, గొంతు సవరించుకుని రెండో పాదం వినిపించాను.

"రాత్రి డ్యూటి చేసి రాణి వచ్చె."

గణం కోసం డ్యూటీకి దీర్ఘం కోసేశాను. ఆటవెలది రెండో పాదంలో ఐదు సూర్యగణాలు పడాలి. సూర్యగణమంటే ఒక గురువూ ఒక లఘువూ, లేదా వరసగా మూడు లఘువులు. సాగేది గురువు, పొట్టిది లఘువు. నాకు మొదటి రకమే చేతనవును. అదీ మాటకో గణం, గణానికో మాట. చదివితే గూడ్సుబండి వెళ్తున్నట్టుంటుంది. అదే లయ అనుకుని ఇన్నాళ్లూ బతికేశాను.

ఆవిడ చారు కలపటం ఆపి, "రాణెవలు?" అంది.

"నువ్వే. యతి కోసం. రాత్రిలో రా, రాణిలో రా."

"మా వార్డులో రాణని ఒకమ్మి ఉంది. ఆ అమ్మి మీద రాసేరనుకుంటారు జనం. నా పేరుకేటొచ్చింది?"

"నీ పేరు గణంలో పట్టదు," అన్నాను. పెళ్లాంతో అనకూడని మాటల్లో ఇదొకటని తర్వాత తెలిసింది.

"నా పేరు నేని పద్యం నాకెందుకండీ? సదవొద్దు," అని చారు దించేసింది.

నేను అబద్ధమాడలేదు. సు లఘువు, హా గురువు. లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే గణం ఆటవెలదిలో ఎక్కడా లేదు. ఆ పేరు పెట్టిన మావగారిని మనసులో తిట్టుకుని, పద్మపూర్‌లో ఉండే తెలుగు మేష్టారు తిరుపతిరావుకి ఫోన్ చేశాను.

ఆయన అంతా విని, "మీరు పద్యం రాస్తన్నారా, బోగీలు తగిలిస్తన్నారా?" అన్నారు. "గణం అయిపోయిందని మాట అయిపోనక్కర్నేదు బాబూ. పేరుని ముందు గణం సివర్లో ఎత్తుకోండి. మూడు లఘువుల గణం కూడా ఓ సోట వెయ్యండి, నడక మారతాది."

నా పాత పద్యాలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. వాటిని విన్నవాళ్ల మీద జాలి కూడా వేసింది. కళ్లు తుడుచుకుని కూర్చుని రాశాను.

"మా సుహాసిని యిక మాకు దక్కె."

మాసు, హాసి, నియిక. మూడో గణంలో లఘువులు గబగబా పరుగెత్తి, "మాకు" దగ్గర మళ్లీ నిదానించాయి. ఇది నేనే రాశానా అని అనుమానమొచ్చింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

సభలో ఆవిడ, 'రాణి' అన్న మాట ఎప్పుడొస్తుందా అని నేల చూపులు చూస్తోంది. మొదటి పాదం బాగానే పోయింది. రెండోదానికి వచ్చేసరికి పాత అలవాటు మీదకొచ్చి గణం దగ్గర ఆగిపోయాను. "మా సు..." అన్నాను.

ఆవిడ తలెత్తింది.

"హాసిని. సెప్పండి," అంది కుర్చీలోంచే.

అందరూ నవ్వారు. నేను మళ్లీ మొదట్నుంచి అందుకుని, పేరు మధ్యలో ఆగకుండా ఒక్క ఊపిరిలో చదివేశాను.

ఇంటికొస్తుంటే ఆటోలో, "బాగుందా?" అని నేనే అడిగాను. ఆగలేను కదా.

"పద్యం సంగతి నాకు తెల్దు," అంది దండ ఒళ్లో సర్దుకుంటూ. "ఆస్పత్రిలో సిస్టరు, బజార్లో దీదీ, ఇంట్లో మీరు 'ఇదిగో'. నా పేరు మీ నోట ఇయ్యాలే ఇన్నాను."

తప్పు ఛందస్సు మీదకి నెడదామని నోరు తెరిచాను. పిలవటానికి ఏ గణం అడ్డొచ్చిందని? సిగ్గుతో చచ్చిపోయాను.

"సుహాసినీ," అన్నాను.

"ఆఁ," అంది, ఇటు తిరక్కుండానే.