హనుమండ్లు ఓడెక్కిన ముచ్చట

మొహం మీద కాదనలేని మనిషిని మంచివాడనాలా, పిరికివాడనాలా? ఇచ్చోడలో విత్తనాల దుకాణం నడిపిన హనుమండ్లును తలుచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఆయన నోటివెంట "కాదు" అనే మాట విన్నవాళ్లు ఆ బజారులో ఎవరూ లేరు. ఉద్దెర అడిగినా, చందా అడిగినా, ఎవరి పంచాయితీలోనో మధ్యవర్తిగా ఉండమన్నా ఒకటే మాట: "ఇంట్ల అడిగి చెప్త." రెండు రోజులయ్యాక తల గోక్కుంటూ, "మా ఇంటామె వద్దంటున్నదిరా, ఏంజేద్దాం" అనేవాడు. అడిగినవాడు జాలిగా నవ్వి వెళ్లిపోయేవాడు. అట్లా హనుమండ్లు దేవుడిలాంటి మనిషయ్యాడు. బజారుకే పెద్దగా రాని ఆయన భార్య బాలలక్ష్మి గయ్యాళి అయింది. నిజానికి ఆయన ఆమెను ఒక్కనాడూ ఏదీ అడగలేదు. ఆ మాటతో కూడా తప్పించుకోలేని గట్టివాళ్లు వస్తే, గోదాము చూసొస్తానని వెనక తలుపు గుండా పొలాల్లో పడేవాడు.

ఆ యేడు వానకాలానికి ఒక కంపెనీ సోయా విత్తనం మంచిదని చెప్పి చాలా సంచులు అమ్మాడు. వాన బాగానే పడింది, గింజలే మొలవలేదు. ఒకరోజు పొద్దున్నే భూమన్న అనే రైతు వచ్చి, తువాల కొసకు కట్టుకొచ్చిన మూట విప్పి గల్లా మీద పోశాడు. సాళ్లలోంచి తవ్వి తీసిన గింజలు, ఉబ్బి కుళ్లిపోయి ఉన్నాయి.

"నువ్వు మంచిదంటెనే తీస్కపోయిన అన్నా," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే హనుమండ్లుకు ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

రైతులే లోతుగా విత్తారని కంపెనీ తేల్చేసింది. భూమన్న వేరే దుకాణంలో గింజలు కొని మళ్లీ విత్తుకున్నాడు. ఇచ్చోడకు వచ్చినప్పుడు ఎదురుపడితే పలకరిస్తూనే ఉన్నాడు. అది ఇంకా కష్టంగా ఉండేది.

చలికాలంలో కంపెనీ మనిషి శ్యాంసుందర్ కరీంనగర్ నుంచి కారులో దిగాడు. బాగా అమ్మిన డీలర్లను ముంబై నుంచి గోవా దాకా పెద్ద ఓడలో తిప్పుకొస్తామన్నాడు. మొలిచాయా లేదా అన్నది వాళ్ల లెక్కలో లేదు, అమ్మకమే లెక్క.

"ఇంట్ల అడిగి చెప్త తమ్మీ," అన్నాడు హనుమండ్లు.

"అడిగేదేముందే అన్నా? వదినకు గూడ టికెట్ తీసిన. ఇల్లునే ఓడెక్కిస్తున్నం," అని శ్యాంసుందర్ ఆయన భుజం మీద చెయ్యేశాడు.

ముంబైలో ఓడ చూసి బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతస్తు మీద అంతస్తు, లిఫ్టులు, పైన ఈత కొలను, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తింటూనే ఉన్నారు. గదిలో చిన్న గుండ్రటి కిటికీ ఉంది. దాన్ని అటూ ఇటూ తట్టింది.

"గిది తెరుసుకోదా?"

"తెరిస్తే సముద్రం లోపటికొస్తది."

"ఉక్కపోస్తే?"

"ఏసీ ఉన్నది గదనే."

అసలు సంగతి సాయంత్రం చాయ్ దగ్గర తెలిసింది. రేపు రాత్రి పెద్ద హాల్లో మీటింగు. ఒక్కో డీలరు పెళ్లాంతో కలిసి స్టేజీ ఎక్కాలి. వచ్చే సీజన్‌కు అదే సోయా ఎన్ని సంచులు అమ్ముతాడో మైకులో చెప్పాలి.

"పోయినేటి కంటే ఒక్క సంచి తక్కువ జెప్పినా నా ఇజ్జత్ పోతది అన్నా," అన్నాడు శ్యాంసుందర్. "పెద్దసార్లు గూడ ఉంటరు."

హనుమండ్లు చాయ్ సగంలో వదిలి లేచాడు. గాలికి పైకి పోతే అక్కడ కంపెనీ టోపీలు పెట్టుకున్న డీలర్లు. కిందికి దిగితే లిఫ్టు తలుపు తెరుచుకోగానే శ్యాంసుందర్. ఓడ అంచు పట్టుకొని చుట్టూ నడిచాడు. నడిచి నడిచి, బయలుదేరిన కుర్చీ దగ్గరికే వచ్చాడు. ఆ కుర్చీలో శ్యాంసుందర్ కూర్చొని ఉన్నాడు.

"వాకింగా అన్నా? మంచిదే, షుగర్ తగ్గుతది."

నాలుగు దిక్కులా నీళ్లే. ఇంత పెద్ద కట్టడానికి వెనక తలుపు లేదు.

పొద్దున దోసెలు తింటుంటే శ్యాంసుందర్ బాలలక్ష్మి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"వదినా, అసలు సేటు నువ్వేనంట గదా. అన్న ప్రతిదానికి ఇంట్ల అడగాలె అంటడు. నువ్వేమో వద్దంటవు. మా కంపెనీ మొత్తం నీకు భయపడ్తది. ఈసారి జర దయజూడు."

పక్క బల్లల దగ్గరి డీలర్లు నవ్వారు. బాలలక్ష్మి చెంచా పక్కన పెట్టింది.

"నేను వద్దంటనా?"

"నువ్వు గాక ఇంకెవరు?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన సాంబారులోకి చూస్తున్నాడు.

గోవాలో ఓడ ఆగింది. బీచ్‌లు చూసేవాళ్లు బస్సులెక్కారు. వీళ్లిద్దరూ రేవు దాటి, బజారు పక్కన ఒక అరుగు మీద కూర్చున్నారు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"గందుకేనా, అంగట్ల నన్ను జూసి ఆడోళ్లు ముచ్చట ఆపేది?"

హనుమండ్లు తల గోక్కున్నాడు.

"ఎన్నేండ్ల సంది నా పేరు అమ్ముకుంటున్నవు?"

"నాకు మొఖం మీద కాదని చెప్పుడు రాదు లచ్చిమీ."

"నాకొస్తదని ఎట్ల ఎర్క? ఒక్కసారన్న అడిగినవా?"

ఎండ వాళ్ల కాళ్ల దాకా వచ్చింది. ఆయన కాళ్లు లోపలికి లాక్కొని, మెల్లగా అడిగాడు.

"భూమన్నోళ్లకు మల్ల గవే గింజలు ఇయ్యాల్నా?"

ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి అడిగిన మాట, ఊరికే తోసేసేది కాదు.

"నేనైతే ఇయ్యను," అంది చివరికి. "కాని గా మాట నువ్వే జెప్పాలె. నా పేరు నోట్లె రావద్దు."

తిరిగి రేవు గేటు దగ్గరికి వచ్చేసరికి ఓడ కూత పెట్టింది. పై అంతస్తు నుంచి శ్యాంసుందర్ టోపీ తీసి ఊపుతున్నాడు, త్వరగా రమ్మని. హనుమండ్లు మెడలో వేలాడుతున్న ఓడ కార్డు పట్టుకొని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆ మైకు ముందు కూడా రాదని ఆయనకు తెలుసు. వచ్చేది ఒక అంకె, అంతే.

"గదిల మందులు గిట్ల ఉన్నయా?"

"చీరలున్నయి. ఎందుకు?"

"ఉండనియ్యి."

బాలలక్ష్మికి అప్పుడు అర్థమైంది. "చెప్పకుంటనే పోతవా?"

"చెప్పుడు రాదు. పోవుడు వస్తది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నవ్వుదామనుకుందో, తిడదామనుకుందో. తర్వాత తనే ముందు నడిచి, రోడ్డు మీద ఆటోను ఆపి, రైల్వే స్టేషన్‌కు ఎంతని అడిగింది.

ఆ కంపెనీ సంచి ఆ దుకాణంలో మళ్లీ కనిపించలేదు. ఎందుకని అడిగినవాళ్లకు ఆయన కారణం చెప్పలేదు, ఇంటామె పేరూ చెప్పలేదు.

ఆ రోజు ఆటో కదిలేసరికి జేబులో ఫోను మోగింది. హనుమండ్లు తియ్యలేదు. ఓడ పైన టోపీ ఇంకా ఊగుతూనే ఉంది. ఆయన అటు చెయ్యి ఎత్తలేదు. ఆటో మలుపు తిరిగింది.