ఇరుసు కడుపులో నీలం

మొన్న మా విజయనగరం వీధిలోకి కత్తులు సానపట్టే మనిషి వచ్చాడు. నేనిచ్చిన కత్తిని చక్రానికి ఆనించి రవ్వలు ఎగరేస్తుంటే, గుమ్మంలోంచి "నీళ్లు పొయ్యి బాబూ, కాలిపోతోంది!" అని కేక పెట్టాను. అతను చక్రం ఆపి ఇంటి వైపు చూశాడు, మా మేడ మీదికి చూశాడు. మంటలెక్కడా కనిపించలేదు పాపం. ముప్ఫయ్యేళ్లు ప్రయోగశాలలో ఇనప ముక్కల లోగుట్టు చూసి బతికినదాన్ని. కత్తికి కూడా ఒళ్లు కాలుతుందని అతనికి ఎలా చెప్పను? చెప్పాలంటే మా చిన్నమావ దగ్గర మొదలుపెట్టాలి.

చిన్నమావ మా అమ్మకు ఆఖరి తమ్ముడు. బొబ్బిలి దగ్గర, జూట్ మిల్లులకు ఇరుసులు చేసే ఒక కార్ఖానాలో కొలిమి మేస్త్రి. ఇరుసును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది గానీ పెళుసవుతుంది. మళ్లీ సన్నని సెగలో కొంతసేపు ఉంచితేనే దెబ్బకు తట్టుకుంటుంది. ఆ రెండో సెగ వేళ మావ బాలింతకు కాపలా ఉన్నట్టు ఉండేవాడు, ఎవరినీ గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు. కొలిమికి వేడి చూపించే మీటరు ఉండేది. "దాని మాట అది సెప్తాది, నా కన్ను మాట నా కన్ను సెప్తాది" అంటూ మావ తలుపు సందులోంచి చూసి నేరేడు, పండుమిరప, ముద్దబంతి అని రంగులు చదివేవాడు. ఇంతా చేసి, ఇంట్లో తను తొడుక్కున్న చొక్కా ఏ రంగుదో అత్త చెబితేగాని తెలిసేది కాదు.

చదువయ్యాక ఆ కార్ఖానా లేబులోనే నాకు ఉద్యోగం దొరికింది. లోహపు ముక్కను కోసి, గరుకు కాగితాల మీద రుద్ది రుద్ది, ముఖమల్ గుడ్డ మీద మెరిపించి, కాస్త యాసిడ్‌తో తడిపి మైక్రోస్కోపు కింద పెడితే, అది ఎంత కాలిందో, ఎలా చల్లారిందో మొత్తం బయటపడుతుంది. "ముక్కని తోమడానికి ఇంత సదువేటే! మీ అత్త రోజూ తోముతన్నాది కాదేటి" అని మావ ఆటపట్టించేవాడు. వెనకాల మాత్రం మా కోడలు ఇనుము కడుపులోకి చూస్తుందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడట.

నేను చేరిన ఏడాదే ఒక మిల్లులో మా ఇరుసు ఫట్టున విరిగింది. మనుషులకేమీ కాలేదు. ముక్కలు రాగానే మా మేనేజరుగారు "మేస్త్రి రెండో సెగ ఎగ్గొట్టి ఉంటాడు" అన్నారు. అదే నిజమని తేలితే మావ మర్నాటినుంచి పనిలోకి రానక్కర్లేదు. తేల్చవలసింది నేను. ఆ రోజు కోత యంత్రానికి నీళ్లు పోసే పంపు చెడిపోయింది. మావ మీది నింద గబగబా చెరిపేద్దామన్న ఆత్రంలో పొడిగానే కోసేశాను. తీరా మైక్రోస్కోపులో చూద్దును కదా, అంతా సూదులు సూదులుగా ఉంది. రెండో సెగ ఎరగని ఉక్కు అలాగే ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది. కన్నది కన్నట్టు రిపోర్టు రాశాను. సంతకం మాత్రం పెట్టకుండా పక్కన ఉంచాను.

మధ్యాహ్నం మావ లేబు బయట చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "ఏటొచ్చిందే?" అన్నాడు. "రెండో సెగ లేదని వచ్చింది మావా" అన్నాను. కోపగిస్తాడనుకున్నాను. ఆయన బల్ల మీద మిగిలిన సగం ముక్క తీసి, కోసిన వైపు కిటికీ వెలుగులో తిప్పాడు. అంచున నెమలి మెడ రంగు చార ఉంది.

"ఒలే కోడలా, ఈ నీలం సూడు. గాలి తగిల్తేనే ఇనుముకి నీలమొస్తాది. ఇరుసు కడుపులోకి గాలెలాగెల్తాదే? ఇది నా కొలిమిది కాదు. కోసినప్పుడు నువ్వే కాల్సీసినావు."

పొడి కోతలో ముక్క అంచు ఎర్రగా కాలి చటుక్కున చల్లారితే, నూనెలో ముంచినట్టే మళ్లీ సూదులు పుడతాయని మాకు చదువులో మొదటి నెలలోనే నేర్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నేను చూసిన సూదులు నా చేత్తో పుట్టించినవే. తిన్నగా మేనేజరుగారి దగ్గరకు వెళ్లి "తప్పు నాదండీ, మళ్లీ కోయాలి" అన్నాను. "మేనమామ కదా మరి" అన్నారాయన. ఒళ్లు మండిపోయింది. "అయితే మీరే వచ్చి పక్కన కూర్చోండి" అన్నాను. మావను మాత్రం గుమ్మం దాటి లోపలికి రావద్దన్నాను.

చేతిరంపంతో, చెంబుతో నీళ్లు పోసుకుంటూ, మెల్లగా కోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఈసారి మైక్రోస్కోపులో సూదుల్లేవు. రెండో సెగ తిన్న ఉక్కు సన్నగా, సమంగా కనిపించింది. విరిగిన చోటికి ఆనుకుని మాత్రం నల్లటి చార ఒకటి పొడుగ్గా సాగి ఉంది. అది చిట్టెం, కరిగిన ఉక్కు మీద తేలే మడ్డి; మాకు ఉక్కు పంపినవాళ్లు పోతపోసినప్పుడే లోపల ఇరుక్కుపోయింది. ఇరుసు అక్కడే చీలింది. మేనేజరుగారు కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. బయటికెళ్లి "మేస్త్రీ, నీ పని బంగారం" అన్నారు.

అప్పుడు మావను పిలిచి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు వంగి ఉండిపోయాడు. "నా రెండో సెగ లోపల ఇలాగుంటాదేటే! ఇన్నేళ్లూ పైన రంగే సూసినాను" అన్నాడు.

మొదటి ముక్కను నేనే కాల్చానని కూడా ఆ రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. తర్వాత లేబులో కొత్తగా చేరిన ప్రతివాళ్లచేతా మొదటి రోజున దాన్నే చదివించేదాన్ని, గర్వంగానే. ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు నిమిషం పట్టింది. నా సంతకం ఉన్న రిపోర్టు నిజమేనా అని ముప్ఫయ్యేళ్లలో ఎవరూ రెండోసారి అడగలేదు.