జెల్ మీటర్‌కి దిష్టి తీసిన రోజు

కంపెనీ మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నది ఇరవై రెండు వేల డాలర్లు. అదంతా పోసి ఒకే ఒక్క మీటర్ తయారుచేశాను. నిన్న నలభై మంది చూస్తుండగా ఆ మీటర్ పరువు నా చేతులతో నేనే తీసేశాను. ఎలాగో వింటే మీరిక నన్ను సీఈఓ అని పిలవరు. అసలు ఇప్పటిదాకా ఎవరూ అలా పిలవలేదు, అది వేరే సంగతి.

ముందు మీటర్ సంగతి చెప్పాలి, లేకపోతే కామెడీ అర్థం కాదు. నేనిప్పుడు అమెరికాలోని వయోమింగ్‌లో ఉన్నాను. ఇక్కడ భూమి లోపల రాతిలో గ్యాస్ బోలెడు ఉంది. కానీ రాయి ఎంత గట్టిదంటే గ్యాస్ దానంతటది బయటికి రాదు. అందుకని బావి తవ్వి, భయంకరమైన ప్రెషర్‌తో నీళ్లు కొట్టి ఆ రాయిని పగలగొడతారు. పగుళ్లు మళ్లీ మూసుకుపోకుండా వాటిలోకి ఇసుక పంపుతారు. ఉత్త నీళ్లలో ఇసుక మునిగిపోతుంది కదా, అందుకని నీళ్లని జెల్‌లా చిక్కబరుస్తారు. దేనితో? గోరుచిక్కుడు గింజల పిండితో! నిజం. మనం కొబ్బరి వేసి కూర వండుకునే గోరుచిక్కుడే. అందులో ఇంకో కెమికల్ కలిపితే తాటి ముంజెలా గట్టిపడుతుంది. పులుపు తగిలిందా, మళ్లీ నీళ్లే. కస్టమర్లకి నేను చెప్పే మొదటి పాఠం ఇది. గుర్తుపెట్టుకోండి. నిన్న నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ జెల్ సరిగ్గా చిక్కబడిందో లేదో అప్పటికప్పుడు చెప్పేదే నా మీటర్. చిన్న స్టీలు కప్పులో శాంపిల్ పోసి బటన్ నొక్కితే, పైనుంచి రోటర్ దిగి కప్పులో తిరుగుతుంది. నంబర్ వస్తుంది. అంతే.

దీనికి ఒక్క ట్రయల్ ఇప్పించింది శేషగిరి అంకుల్. ముప్పై ఏళ్లుగా ఆయిల్‌ఫీల్డ్‌లో ఇంజినీర్. ఈ ఫీల్డ్‌లో గ్యాస్ కంపెనీ తరఫున ఆఖరి మాట డేల్ అనే ఆయనది. ఆయన్ని అంకులే ఒప్పించారు. నిన్నటి పనిలో నా నంబర్లు బాగుంటే, ఇక్కడ మిగతా బావులన్నిటికీ నా మీటరే. బాగోలేదంటే దాన్ని కార్లో వేసుకుని మళ్లీ ఉద్యోగాల వేటకి.

"డేల్ నా మాట మీద ఒప్పుకున్నాడయ్యా. కాస్త చూసుకో," అన్నారు అంకుల్, పొద్దున ట్రక్ దిగుతూ.

"అంకుల్, అన్నీ టెస్ట్ చేశాను. ఎండలో, మంచులో, గతుకుల రోడ్డు మీద. తప్పు నంబర్ వచ్చే ఛాన్సే లేదు."

సరిగ్గా అప్పుడే అంకుల్ వాళ్లావిడ సరళ ఆంటీ ఫోన్.

"ఏరా, ఇవాళే కదూ? దిష్టి తీశావా దానికి?"

"ఆంటీ, అది మెషీన్."

"అయితే? అంకుల్ కొత్త ట్రక్కుకి తీయలేదూ? అంతమంది కళ్లూ ఇవాళ దాని మీదే ఉంటాయి. ఆయన లంచ్ బ్యాగ్‌లో నిమ్మకాయ పెట్టాను, చూడు."

నాకు ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఉన్నదంతా ఒక్క మీటర్‌లో పెట్టినవాడికి నిమ్మకాయ దగ్గర పంతం ఎందుకు? సరే, తీద్దామనుకున్నాను. తీరా చూస్తే సైట్‌లో చాకులు నిషేధం. కారుకైతే టైర్ కింద పెట్టి ముందుకి పోనిస్తాం. మీటర్‌కి టైర్లేవి?

కానీ రోటర్ ఉంది కదా!

మూడుసార్లు చుట్టూ తిప్పి, నిమ్మకాయని కప్పులో పెట్టి బటన్ నొక్కాను. రోటర్ మెల్లగా దిగింది. చిట్! అబ్బ, ఎంత నీట్‌గా పగిలిందో! ఇంజినీరింగ్ అంటే ఇదీ అనుకున్నాను. తొక్క తీసి పారేసి, కప్పుని పేపర్ టవల్‌తో తుడిచాను. బాగానే తుడిచాను. కప్పుని.

పంపులు స్టార్టయ్యాయి. నేలంతా అదురుతోంది. లోపలికి ఇసుక వెళ్లడం మొదలైంది. శాంపిల్ తెచ్చి పోశాను. నాలుగు వందలు రావాల్సిన చోట ఇరవై వచ్చింది. అంటే దాదాపు నీళ్లు. ఇంకో శాంపిల్ పోశాను. ముప్పై.

"ఏమయ్యా, మీటర్ సరిగ్గానే ఉందా?" అన్నారు అంకుల్, చెవిలో అరుస్తూ.

"మీటర్ కరెక్టే అంకుల్. జెల్ పోయింది!"

ఆయన ఇంకేదో అనేలోపే రేడియో అందుకున్నాను. పల్చటి నీళ్లలో ఇసుక పంపితే అది పైపులోనే పేరుకుపోతుంది, బావి పూడుకుపోతుంది. బావిని కాపాడే హీరో ఛాన్స్ మొదటి రోజే వస్తే వదులుకుంటామా?

"డేల్, జెల్ ఈజ్ బ్యాడ్. స్టాప్ ద శాండ్!"

"ఆర్ యూ ష్యూర్, సన్?"

"హండ్రెడ్ పర్సెంట్, సర్!"

ఇసుక ఆపేశారు. కాసేపటికి పంపులూ ఆగాయి. అన్ని ఇంజిన్లు ఒకేసారి ఆగితే వచ్చే నిశ్శబ్దం మీరెప్పుడూ విని ఉండరు. వినకండి కూడా. నీళ్లు చెక్ చేశారు, బాగున్నాయి. పిండి చెక్ చేశారు, బాగుంది. కెమికల్ బాగుంది. ఒక్కొక్కటీ బాగుందని రేడియోలో వినిపించినప్పుడల్లా అంకుల్ నావైపు చూశారు.

డేల్ జగ్గుతో జెల్ పట్టుకుని, మీటర్ పెట్టుకోవడానికి సైట్‌లో నాకిచ్చిన వ్యాన్‌లోకి వచ్చాడు. జగ్గు వంచితే జెల్ అంచు మీంచి వేలాడింది, కింద పడలేదు. నిగనిగలాడే ముంజె! దాన్నే నా కప్పులో పోసి, తనే బటన్ నొక్కాడు. మా కళ్లముందే ముంజె కాస్తా చారయిపోయింది.

డేల్ కప్పు మీదికి వంగి వాసన చూశాడు.

"మా ఇంట్లో ఫ్లోర్ క్లీనర్ వాసన వస్తోందేంటి?"

నా మొదటి పాఠం నాకప్పుడు గుర్తొచ్చింది. డేల్ రోటర్‌ని పైకి లేపి తిప్పి చూశాడు. దాని అడుగున బోలుగా ఉంటుంది. వేలు పెట్టి గోకితే కొంచెం గుజ్జు, ఒక గింజ బయటపడ్డాయి. గింజని వేలిమీద పెట్టి నాకు చూపించాడు.

"ఇసుకకి బదులు ఇది పంపిద్దామనా?"

అంకుల్ గొంతు సవరించుకున్నారు. "డేల్, ఇట్స్ అవర్ కస్టమ్. ఎ కైండ్ ఆఫ్ ప్రొటెక్షన్."

"ప్రొటెక్షన్ ఫ్రమ్ వాట్?"

"ఫ్రమ్… పీపుల్ లుకింగ్ ఎట్ ఇట్."

డేల్ వెనక్కి తిరిగాడు. వ్యాన్ తలుపు దగ్గర సైట్‌లో ఉన్న జనమంతా ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి నా మీటర్‌నే చూస్తున్నారు.

"వెల్," అన్నాడు, "ఇట్ డిడ్‌న్ట్ వర్క్."

ఆ నవ్వులు పక్క ఫీల్డ్‌కి కూడా వినపడి ఉంటాయి. నేను మీటర్‌ని అట్టపెట్టెలో పెట్టడం మొదలుపెట్టాను. డేల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ డబ్బా నిజమే చెప్పింది. కప్పులో ఉన్నది నిజంగానే నీళ్లు. దాన్ని అలా చేసింది నువ్వు. రేపు ఇంకో ఛాన్స్. వితౌట్ ఫ్రూట్. కానీ మా దగ్గర ఒక పద్ధతుంది. పని ఆపించినవాడు, మర్నాడు పొద్దున సేఫ్టీ మీటింగ్‌లో అందరికీ పాఠం చెప్పాలి."

తిరిగొస్తుంటే ట్రక్‌లో అంకుల్ ఖాళీ లంచ్ బ్యాగ్ వైపు ఓసారి చూశారు. "మీ ఆంటీకి చెప్పకు," అన్నారు.

"బాధపడతారనా అంకుల్?"

"కాదయ్యా. ఒకటి చాల్లేదని ఈసారి రెండు పెడుతుంది."

ఇప్పుడు వ్యాన్‌లో కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను. రోటర్‌ని విప్పి, టూత్‌బ్రష్‌తో తోమి, మళ్లీ బిగించాను. ఉత్త నీళ్లు పోస్తే నీళ్ల నంబరే వచ్చింది, జెల్ పోస్తే జెల్ నంబరే వచ్చింది. బయట అందరూ కాఫీలు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. బోర్డు మీద ఎవరో ఇవాళ్టి టాపిక్ రాసేశారు: 'నిమ్మకాయలు'. దిష్టిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఇంకా తేలలేదు. ఒక కప్పు జెల్‌ని పాడుచేయడానికి ఒక కాయ సరిపోయింది కాబట్టి, మొత్తం బావిని పాడుచేయడానికి ఎన్ని కాయలు కావాలో మాత్రం లెక్కేసి పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే టక్కున చెప్పొచ్చని. అంకుల్ అందరికంటే వెనక నిలబడి, నేనెవరో తెలియనట్టు కాఫీలోకి చూస్తున్నారు.

డేల్ చెయ్యి ఊపుతున్నాడు. వెళ్లి పాఠం చెప్పొస్తా.