చప్పుడు లేని బండి

షోరూమ్ వాళ్లు తాళం నా చేతిలో పెట్టి, ఓ వారం మీ పని మీదే తిప్పి చూడండి మేడం, ఆ తర్వాతే బేరం మాట్లాడుకుందాం అన్నారు. తాళం అంటే తాళం కూడా కాదు, సబ్బుబిళ్ల అరిగిపోయినట్టు ఓ నల్లటి ముక్క. బటన్ నొక్కితే ముందు తెర మీద ఏవో దీపాలు వెలిగాయి. బండి స్టార్ట్ అయిందా అని అడిగాను. అయిందన్నారు. ఎట్లా తెలుస్తుంది అంటే నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బ్రేకు మీద నుంచి కాలు కొంచెం తీయగానే ఆ బండి కిక్కురుమనకుండా ముందుకు జరిగింది. రెండు కాళ్లతో బ్రేకు తొక్కేశాను.

నేను పిరికిదాన్ని. చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతాను, గ్యాస్ సిలిండర్ మార్చాలంటే పక్కింటావిడను పిలుస్తాను. అట్లాంటిదాన్ని ఈ వయసులో కరెంటు కారు ఎక్కాల్సి వచ్చిందంటే మా పాత డీజిల్ వ్యాన్ పుణ్యమే. రెజిమెంటల్ బజార్ వెనక సందులో మా ఇల్లు, ఇంటి వెనక వంటిల్లే నా బేకరీ. పుట్టినరోజులకూ చర్చి పెళ్లిళ్లకూ కేకులు చేసి, నేనే తీసుకెళ్లి ఇచ్చి వస్తాను. ఇన్నేళ్లూ మోసిన ఆ వ్యాన్‌కి ఇక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాదని తేలిపోయింది. బోయిన్‌పల్లిలో దాన్ని బాగుచేసే మెకానిక్ కూడా చేతులెత్తేశాడు.

అసలు ఆ వ్యాన్ నడిపింది మా ఆయన. నీటికాసుల జబ్బుతో ఆయన చూపు కొంచెం కొంచెంగా తగ్గి, ఒకనాటికి పూర్తిగా పోయింది. కేకులు ఆగితే ఇల్లు గడవదు. అందుకని నేను స్టీరింగ్ ముందు కూర్చుంటే, పక్క సీట్లో కూర్చుని చెవులతోనే నాకు డ్రైవింగ్ నేర్పారు. ఇంజిన్ ఏడుస్తున్నది, గేరు మార్చు అనేవారు. అది మూలిగినా దగ్గినా ఆయనకు అర్థమయ్యేది. ఆ మాటకొస్తే నా కన్నా దాని బాధే ఆయనకు ఎక్కువ తెలుసు.

మా సందులో బండి తిప్పే చోటు లేదు. కేకులు ఎక్కించాలంటే వంటింటి గుమ్మం దాకా వెనక్కే రావాలి. ఇటు గోడ, అటు నీళ్ల డ్రమ్ములు, వెనక మళ్లీ గోడ. అక్కడ రివర్స్ చేయించడం మా ఆయన పని. వ్యాన్ సందు మొదట్లోకి రాగానే చప్పుడు విని, ఆయన లేచి వచ్చి గేటు తీసేవారు. తర్వాత వెనక గోడకు వీపు ఆనించి నిలబడి, "ఆనేదో, ఆనేదో" అనేవారు, రానీ రానీ అని. ఇంజిన్ మోత గోడకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి బండి ఎంత దూరంలో ఉందో ఆయనకు తెలిసేది. చాలు అనుకున్నప్పుడు అరచేత్తో వ్యాన్ మీద ఒక్కటి చరిచి "బస్" అనేవారు. కళ్లు లేని మనిషి చెబితే కళ్లున్న మనిషి బండి పెడుతుందని సందులో అందరూ మమ్మల్ని ఆటపట్టించేవాళ్లు. ఆ వ్యాన్ గోడకు ఒక్కసారి కూడా తగల్లేదు.

కొత్త కారు వచ్చిన రోజు నుంచే నాకు భయాలు షురూ అయ్యాయి. దాన్ని ఛార్జింగ్ పెట్టేదీ, నా ఓవెన్ నడిచేదీ ఒకే లైన్ మీద. రెండూ కలిస్తే ఫ్యూజు ఎగిరిపోతుందని, కేకు పొంగినంతసేపూ కారు ప్లగ్గు పీకేసేదాన్ని. మొదటి డెలివరీ అల్వాల్‌కి. మూడు అంతస్తుల పెళ్లి కేకు, మీద అంతా వెన్న క్రీము. ఏసీ వేయకపోతే క్రీము జారుతుంది, వేస్తే బ్యాటరీ తగ్గుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని, తెర మీద అంకె ఒక్కొక్కటే తగ్గుతుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. కేకు క్షేమంగానే చేరింది. పెళ్లికూతురి తల్లి మెచ్చుకుంటుంటే, నేను ఇంటికి పోవడానికి ఛార్జింగ్ సరిపోతుందా అని లెక్కేసుకుంటున్నాను.

కానీ అసలు భయం మా సందులోనే ఉంది. వ్యాన్ వస్తుంటే మనుషులు వెనక్కి చూడకుండానే పక్కకు జరిగేవాళ్లు. ఈ బండికి ఎవరూ జరగరు. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డ ఒకావిడ నా బంపర్ చీరకు తగిలేదాకా ముచ్చట ఆపలేదు. ఆ తర్వాత నన్ను తిట్టిన తిట్లు కేకు మీద రాసేవి కావు. ఆమెను అనడం దేనికి, తప్పు ఆమెది కాదు. బండి ఉందని ఆమెకు చెప్పేదేదీ ఆ బండిలో లేదు.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను, ఈ బండికి వెనక కెమెరా ఉంది, గోడ దగ్గర ఏదున్నా తెర మీద కనిపిస్తుంది, కాబట్టి మీరు ఇక రివర్స్ చెప్పడానికి రావద్దని. గేటు కూడా నేనే దిగి తీసుకుంటానన్నాను. నా భయం నాది. చప్పుడు లేని బండి వెనక ఆయన్ను ఊహించుకోవడానికే నాకు ధైర్యం చాలలేదు. ఆయన సరే అన్నారు. టీ చల్లారిపోతోందని నేను గుర్తు చేసేదాకా గ్లాసు ముట్టుకోలేదు.

రెండ్రోజులు గడిచాయి. ఆ రోజు బన్సీలాల్‌పేట్‌లో ఓ పుట్టినరోజు కేకు ఇచ్చి వచ్చి, వెంటనే ఇంకో కేకు ఎక్కించుకుని పోవాలి. మిట్ట మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. గేటు తీసి వచ్చి మళ్లీ బండెక్కాను. వెనక అద్దం నిండా ఖాళీ ట్రేలే. తెర మీద చూస్తే అంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. ఎండ పడి అట్లా కనిపిస్తోందనుకున్నాను. బండి బీప్ బీప్ అని మొత్తుకుంటూనే ఉంది. ఆ ఇరుకులో అది గోడకూ డ్రమ్ములకూ ప్రతిసారీ మొత్తుకునేదే కాబట్టి, దాన్ని లెక్కచేయడం అప్పటికే మానేశాను. మెల్లగా వెనక్కి వదిలాను.

డిక్కీ మీద ఠప్పున ఒక దెబ్బ పడింది. "బస్!"

బ్రేకు ఎట్లా తొక్కానో నాకు గుర్తు లేదు. కేకు ట్రేలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దిగి వెనక్కి పోయాను, పోయానో పాకానో మరి. ఆయన గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నారు. బంపర్ ఆయన మోకాళ్లకు ఆని ఉంది. ఇంకొక్క జానెడు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ పూర్తిగా అనుకోలేను, సగంలోనే ఆపేస్తాను. డిక్కీ తెరిచే మీట పక్కనే ఉన్న కెమెరా కంటి మీద వెన్న క్రీము మందంగా పూసుకుని ఉంది. పొద్దున కేకు పెట్టేటప్పుడు అంటుకుంది నా వేళ్లదే. లోకంలో ఎంతమంది కార్లు నడపడం లేదు, కేకులు చేసే ఆడది తప్ప ఇంకెవరు చేస్తారు ఇట్లాంటి పని?

భయమంతా కోపమై నోటికి వచ్చింది. "రావద్దని చెప్పిన గదా మీకు! ఎందుకొచ్చిన్రు? చచ్చిపోతుంటిరి గదా!"

ఆయన మోకాళ్లు తడుముకుంటూ మెల్లగా చెప్పారు. "గేటు గొళ్లెం ఇనబడ్డది. ఇంక బండెక్కుతవు గదా అని నా జాగల వచ్చి నిలబడ్డ. పొద్దున్నించి ఆ డ్రమ్ముల ఎనక మెట్టు మీదనే కూసున్న."

ఎందుకు కూర్చున్నారు అన్నాను, ఏడుస్తూనే.

"వ్యాన్ అయితే సందు మొదట్లకు రాంగనే నువ్వొచ్చినవని తెలిసేది. పోయేటప్పుడు సుత మెయిన్ రోడ్డు ఎక్కేదాంక ఇనబడేది. ఇప్పుడు పోయినవో తెలుస్తలేదు, వచ్చినవో తెలుస్తలేదు. కండ్లు పోయినప్పుడు సుత నాకు గింత భయం కాలె. అప్పుడు నువ్వు యాడున్నవో తెలుస్తుండె."

ఇన్ని రోజులూ బ్యాటరీకి భయపడ్డాను, ఫ్యూజుకు భయపడ్డాను, ఆయన అడ్డొస్తారేమోనని భయపడ్డాను. ఆయన భయం ఒకటుందని నా బుద్ధికి తట్టనే లేదు. ఇద్దరం ఆ బండికీ గోడకూ మధ్యే చాలాసేపు నిలబడ్డాం. ఆ రోజు రెండో కేకు ఆలస్యంగా పోయింది, తిట్లు తిన్నాను.

చివరికి ఆ బండినే తీసుకున్నాం, వ్యాన్‌ను తుక్కుకు వేయక తప్పలేదు కాబట్టి. ఇప్పుడు సందు మొదట్లోనే అద్దం దించి, వచ్చిన అని గట్టిగా అరుస్తాను. ఆయన వచ్చి గేటు తీస్తారు. వెనక కాదు, వంటింటి గడప లోపలే నిలబడతారు. ఆ ఒక్కటి మాత్రం ఒట్టు పెట్టించుకున్నాను. వెనక్కి వస్తున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉంటాను, ఎవరి పెళ్లిలో కేకు ఎవరు కోశారో, ఎవరు అలిగారో, నోటికొచ్చిందల్లా. నా గొంతును బట్టి ఆయన దూరం లెక్క వేస్తారు. డీజిల్ ఇంజిన్ కన్నా నీ నోరే గట్టిగున్నది అని ఎగతాళి కూడా చేస్తారు. భయం పోయిందా అంటే పోలేదు. ఆయన "ఆనేదో" అననిదే రివర్స్ వేయను.

మొన్న సందు మొదట్లో అరిచాను. జవాబు రాలేదు. గేటు దాకా వచ్చి మళ్లీ అరిచాను. రాలేదు. నా బండి జరిగితే గానీ దారి లేని ఒక ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పెద్దాయన పండుకున్నడేమో అక్కా, కెమెరా ఉంది గదా, పోనీ అంటున్నాడు. పడుకునే ఉంటారని నాకూ తెలుసు. దిగి లోపలికి వెళ్లి చూడొచ్చు. లోపల ఏం చూడాల్సి వస్తుందోనని దిగలేదు. ఇంటి లోపల ఏ చప్పుడూ లేదు, బండిలో ఏ చప్పుడూ లేదు, ఆయన ఎక్కడున్నారో నాకు తెలియడం లేదు. ఆ రోజు పొద్దున్నుంచీ మెట్టు మీద కూర్చుని ఆయన పడింది ఇదేనని అప్పుడు నాకు ఒళ్లంతా తెలిసింది.

ఆటో అతను తిడుతూ వెనక్కే నడుపుకుంటూ పోయాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ఆయన్నే పిలుస్తూ కూర్చున్నాను, అద్దం పూర్తిగా దించి, గొంతు పోయేదాకా. చాలాసేపటికి లోపల చెప్పులు ఈడ్చిన చప్పుడైంది. వచ్చి గేటు తీసి, మళ్లీ గడప లోపలికి వెళ్లి నిలబడి, నిద్ర మత్తులోనే ఆయన "ఆనేదో" అన్నారు. అప్పుడు బ్రేకు మీది నుంచి కాలు తీశాను.