తలుపు తీసిన పిల్ల

దర్జీ దుకాణంలో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. మిషన్ మీద క్షణంలో కాజాలు పడిపోయే కాలం వచ్చినా, కోటుకి చేత్తో వేసిన కాజాయే కావాలని పట్టుబట్టేవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ పుణ్యమా అని ఆమెకు పని ఉండేది. కాజాలు, గుండీలు, అంచులు మడిచి కుట్టడం, చేతిపనంతా ఆమెదే. యాభైకి దగ్గరపడుతున్న మనిషి. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, వీధి వెలుతురు ఒళ్ళో పడేలా కూర్చునేది. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులుండేవి.

"అక్క మాట్లాడాలంటే ముందు సూదులు దిగాలి. సూదులు దిగేసరికి దుకాణం కట్టేసే వేళవుతుంది," అనేవాడు మాస్టారు.

ఆ దుకాణం రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉండేది. ముందు మాస్టారి కత్తిరింపు బల్ల, దాని వెనక రెండు మిషన్లు. మొదటి మిషన్ మీద కూర్చునే ఆవిడ మాస్టారికి ఏదో వరసలో వదిన కావడంతో దుకాణానికంతటికీ వదినే అయిపోయింది. రెండో మిషన్ జిప్పుల పిల్లది. పెళ్ళయి బిడ్డ తల్లయినా, అందరికంటే చిన్నది గనక ఆ పేరు పోలేదు. కుట్టించుకుని మళ్ళీ రాని మనుషుల బట్టలు ఒక అరమీద పేరుకుని ఉండేవి. వాటి మధ్య టీవీ.

మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, డబ్బాలు విప్పుకునే వేళకి 'నేరం వెనకాల' అనే కార్యక్రమం వచ్చేది. ఎక్కడో నిజంగా జరిగిన హత్యని నటులతో మళ్ళీ జరిపించి చూపిస్తారు. అది మొదలవగానే మాస్టారు తీర్పు చెప్పేసేవాడు.

"మొగుడే చంపాడు. సందేహం లేదు."

"ఇంకా చచ్చిందెవరో చూపించనే లేదుగా మాస్టారూ!" అనేది జిప్పుల పిల్ల.

"ఎవరైతేనేం, మొగుడే."

నాలుగు కథల్లో ఒకదాంట్లో నిజంగానే మొగుడయ్యేవాడు. ఆ ఒక్కదాన్నే ఆయన నెలల తరబడి చెప్పుకునేవాడు. జిప్పుల పిల్ల మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకుని, దాని అంచు మీంచి ఒక్క కన్నుతో చూసేది. వదిన సంగతి వేరు. రాత్రి సీరియల్లో కోడలు ఏడిస్తే తెల్లారి దుకాణానికి కళ్ళు ఉబ్బించుకుని వచ్చేది, ఆ అత్తగారిని మెటికలు విరిచి తిట్టేది. నిజంగా చచ్చిపోయినవాళ్ళ కార్యక్రమంలో మాత్రం ఆవిడ కంట తడి ఉండేది కాదు. "నమ్మేముందు ఆలోచించుకోవద్దూ?" అనేది. "అంత పొద్దుపోయాక బయటేం పని?" అనేది. సీరియల్ కోడలికి కన్నీళ్ళు, చచ్చిపోయిన పిల్లకి సలహాలు.

కాజాలక్క ఆ వేళకి తన డబ్బా పట్టుకుని వెనక దొడ్లోకి వెళ్ళిపోయేది. అక్కడ ఒక కుళాయి, కూర్చోడానికి ఒక మెట్టు. తలుపు సందులోంచి లోపలి మాటలు, నవ్వులు వినపడుతుండేవి. అక్క రక్తం చూడలేదు పాపం, పిరికిది, అని దుకాణంలో తేల్చేసుకున్నారు. ఆమె కాదనలేదు.

ఒకరోజు వాన పట్టుకుంది. దొడ్లో మెట్టు మీద నీళ్ళు నిలిచాయి. "ఈ ఒక్కరోజుకీ లోపలే తినమ్మా, దెయ్యాలేం పట్టుకోవులే," అన్నాడు మాస్టారు. ఆమె స్టూలు మీదే కూర్చుని డబ్బా విప్పింది.

తెరమీద ఒక మేడ. బయటినుంచి మెట్లు. పై వాటాలో పసుపుపచ్చ బట్టల్లో ఒక అమ్మాయి అద్దం ముందు తల దువ్వుకుంటోంది. పేర్లూ, ఇల్లూ మార్చామని కింద రాశారు. కాజాలక్క ముద్ద కలుపుకుంటూ ఒకసారి తలెత్తి మళ్ళీ దించుకుంది. అప్పుడు ఎవరో మగమనిషి గొంతు వినిపించింది. చనిపోయిన అమ్మాయి అన్నగారట. మొహం కనపడకుండా, నీడ ఒక్కటే తెలిసేలా కూర్చోబెట్టి, గొంతు మార్చి మాట్లాడించారు. "ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను," అంటున్నాడు. ఆ మాటలంటున్నంతసేపూ బొటనవేలితో ఎడమ చెవితమ్మెని నులుముకుంటూనే ఉన్నాడు.

అలా చెవి నులుముకుంటూ మాట్లాడే మనిషి లోకంలో ఆమె ఎరిగి ఒక్కడే ఉన్నాడు, ఆమె అన్న. ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది.

తల్లీతండ్రీ చిన్నతనంలోనే పోతే, అన్న, ఈమె, ఒక చెల్లెలు ముగ్గురూ ఒకరికొకరై పెరిగారు. అన్న అచ్చాఫీసులో పనిచేసేవాడు. ఈమె ఇంట్లో కుట్టుపని చేసేది. చెల్లెలు బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చునేది. కింది వాటాలో ఒకతను రెండేళ్ళుగా అద్దెకుండేవాడు. వీళ్ళింట్లో కర్టెన్ల కడ్డీలు బిగించిపెట్టింది కూడా అతనే. పెళ్ళి చేసుకుంటావా అని చెల్లెల్ని అడిగాడు. ఆ పిల్ల వద్దంది. అతను నవ్వేసి ఊరుకున్నాడు, అందరూ ఆ సంగతి మర్చిపోయారు. నెల తిరిగాక ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు వచ్చి తలుపు కొట్టాడు. ఎరిగున్న మనిషే కదా, తీసింది. అంతే జరిగింది.

అతన్ని మర్నాడే పట్టుకున్నారు. శిక్షా పడింది. కానీ వీధి నోటికి మాత్రం తాళం పడలేదు. ఊరికే చంపుతాడా అన్నారు. మనకు తెలియని వ్యవహారం ఏదో ఉండే ఉంటుందన్నారు. ఉండలేక అన్న ఒక ఊరికీ, ఈమె ఒక ఊరికీ చేరుకున్నారు. ఇరవై ఏళ్ళ పైమాట. ఏడాదికి రెండుసార్లు ఫోను చేసుకుని మోకాళ్ళ నొప్పుల గురించి, ఎండల గురించి మాట్లాడుకునేవారు. చెల్లెలి ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

తెరమీద తలుపు చప్పుడైంది. పసుపుపచ్చ బట్టల అమ్మాయి పెదాలకి రంగు దిద్దుకుని, బుగ్గ సొట్టపడేలా నవ్వి, కళ్ళు దించుకుని తలుపు తీసింది. వెనకాల వీణో ఏదో మోగింది.

"ఇందులో మొగుడు లేడే!" అని నిరుత్సాహపడ్డాడు మాస్టారు.

"చూడు ఆ తలుపు తీయడం!" అంది వదిన. "ఇంట్లో ఎవరూ లేనప్పుడు మగాడికి అలా నవ్వుతూ తలుపు తీస్తే ఏమవుతుంది మరి? నిప్పు లేనిదే పొగొస్తుందా?"

"పాపం, చిన్నపిల్ల," అంది జిప్పుల పిల్ల గుడ్డ వెనకనించి. "అయినా కాస్త ఆలోచించుకోవాల్సింది."

"అది నవ్వలేదు," అంది కాజాలక్క.

ముగ్గురూ ఇటు తిరిగారు.

"ఏంటక్కా?"

"తలుపు తీసినప్పుడు నవ్వలేదు. అన్నం తింటోంది. నోట్లో ముద్ద ఉంటే నవ్వుతారా ఎవరన్నా? చెయ్యైనా కడుక్కోకుండా లేచొచ్చి తీసింది. గడియకి మెతుకులు అంటుకుని ఉన్నాయి. నేను చూశాను."

"నువ్వు చూడ్డమేంటి?" అంది వదిన.

"నా చెల్లెలు."

తెరమీద అప్పటికి సబ్బు ప్రకటన వచ్చేసింది. ఒక సంసారం మొత్తం నురగలో గంతులేస్తూ పాడుతోంది. మాస్టారు రిమోటు కోసం గుడ్డపీలికలన్నీ తిరగేశాడు. దొరకలేదు. చివరికి బల్ల ఎక్కి, ప్లగ్గు పట్టుకుని లాగేశాడు. వాన చప్పుడు మిగిలింది. వదిన దిగ్గున లేచి, ఎంగిలి చేత్తోనే ఆమె భుజం పట్టుకుని, "తెలీక అన్నానే తల్లీ, నా నోరు పడిపోను, తెలీక అన్నాను," అని ఏడ్చింది. ఆవిడ ఏడుపు నిజమైనదే. కాజాలక్కకే ఏడుపు రాలేదు. డబ్బా మూతపెట్టి, సగంలో ఉన్న కోటు ఒళ్ళోకి తీసుకుంది.

ఆ మర్నాటి నుంచీ టీవీ వెయ్యలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అలా జరిగిపోయింది. సీరియల్ కబుర్లు కూడా ఆగిపోయాయి. ఆమె లోపలికి అడుగుపెడితే మాట పుటుక్కున తెగేది. వదిన తన కూరలో సగం తెచ్చి, జ్వరం మనిషికి పెట్టినట్టు ఆమె డబ్బా మూతలో పెట్టేది. ఆ పెట్టడంలో ప్రేమ ఉంది, కానీ పెట్టిన మరుక్షణం "దారం రీళ్ళు అయిపోయాయి, ఇప్పుడే వస్తా," అంటూ వెళ్ళిపోయేది. జిప్పుల పిల్లకి అదే వేళకి పక్క గుండీల కొట్లో పని పడేది. ఆ కొట్లో కూడా టీవీ ఉంది. దారం కొనడానికి ఎంతసేపు పడుతుందో కాజాలక్కకి తెలుసు. కార్యక్రమం అయ్యేదాకా పట్టదు. మాస్టారు బల్లమీద తల ఆనించి నిద్రపోతున్నట్టు నటించేవాడు. పాపం, అబద్ధపు గురక పెట్టడం కూడా ఆయనకి చేతకాదు.

జిప్పుల పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగు రోజుల్లో వీధంతా పాకింది. జాకెట్టు కొలతకి వచ్చినావిడ కొలత అయిపోయినా కదలకుండా నిలబడింది.

"మీరేనటగా? మేం ఇంటిల్లిపాదీ చూశామండీ. నిజంగా అలాగే చేశాడా వాడు? టీవీవాళ్ళు కొంచెం కల్పించారా?"

కాజాలక్క నోట్లో సూదులున్నాయి. తల మాత్రం ఊపింది, అవుననో కాదనో తెలియకుండా. ఆవిడ ఇంకాసేపు, ఆమె మొహంలో ఏదో కనపడుతుందన్నట్టు చూసి, నిట్టూర్చి వెళ్ళింది. తర్వాత మరొకావిడ, ఆ తర్వాత ఇంకొకరు. చెడ్డవాళ్ళేం కాదు. "మీ గుండె ఎలా తట్టుకుందోనండీ," అన్నవాళ్ళే అందరూ. ఆ పిల్ల ఎలాంటిది అని ఒక్కరూ అడగలేదు.

ఇన్నేళ్ళూ దొడ్లో మెట్టు మీద ఒంటరిగా తిన్నా, తలుపుకి అవతల నలుగురి సందడి ఉండేది. ఇప్పుడు దుకాణం నడిమధ్య కూర్చుని తింటోంది, చుట్టూ ఎవరూ లేరు. సగం అన్నం డబ్బాలోనే వదిలేసి మూత పెట్టేసేది.

ఆదివారం పొద్దున్న అన్నకి ఫోను చేసింది.

"టీవీలో చూశాను అన్నయ్యా."

"మొహం కనపడనివ్వం అన్నారే," అన్నాడతను.

"చెవి."

"ఓహో," అన్నాడు. నవ్వబోయి ఆగినట్టుంది.

"ఎందుకు చెప్పావు వాళ్ళకి? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని నువ్వే అనేవాడివి. ఇక్కడ జనం నన్ను వింతలా చూస్తున్నారు."

"ఒకమ్మాయి వచ్చిందే," అన్నాడు. "మన చెల్లెలి వయసే ఉంటుంది. ఎదురుగా కూచుని, 'మీ చెల్లెలి గురించి చెప్పండి' అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరన్నా అడిగారా నన్ను? నువ్వడిగావా? పోనీ నేను నిన్నడిగానా?"

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"పొద్దుట్నించీ మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నా. నా చొక్కా తొడుక్కుని, కాలరెత్తుకుని బజారంతా తిరిగొచ్చిన సంగతి చెప్పా. బట్టలు తీసుకురమ్మని మేడమీదకి పంపిస్తే బట్టలు వదిలేసి వాన్లో నిలబడేది చూడు, అదీ చెప్పా. ఈలపాట సంగతి చెప్పా. ఆ అమ్మాయి ఎంత నవ్విందనుకున్నావు! అదంతా వస్తుందనుకున్నానే. కాఫీ కలుపుకుని టీవీ ముందు కూచున్నా. తీరా చూస్తే డ్యూటీ ముక్క ఒక్కటే ఉంచారు. మనదాన్ని ఇంకెవరినో చేసేశారు. మూతికి ఆ రంగేంటి, ఆ నవ్వేంటి?"

"ఈలపాటేంటి?" అంది ఆమె.

"ఈల వేసేది కదే. నీకు తెలీదా?"

"తెలీదు."

"నీకు చిరాకని నువ్వు బజారుకెళ్ళినప్పుడు వేసేది. భలే వేసేది. ఇంత పొడుగు పాటైనా ఊపిరి తీసుకోకుండా."

ఆమె గోడకి చేరగిలబడి కింద కూర్చుంది. చెల్లెలి గురించి తెలుసుకోవలసినది ఇంకా ఏదో మిగిలి ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఏ పాట?" అని అడిగింది.

అతను వేసి చూపించబోయాడు. పళ్ళు ఊడిన నోరు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ గాలినే ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని వింది. ఇద్దరూ ఏడ్చారు.

సోమవారం వదిన దారానికని లేవబోతుంటే కాజాలక్క పెదాల మధ్య సూదులు తీసి పక్కన పెట్టింది.

"మాస్టారూ, టీవీ వెయ్యండి."

"వద్దమ్మా. అదేమన్నా అన్నమా నీళ్ళా, చూడకపోతే చచ్చిపోతామా?"

"నాకు కావాలి. మీరు ముగ్గురూ లేకుండా నాకు అన్నం దిగట్లేదు. నన్ను చూసి మీరు నోళ్ళు కట్టుకుంటే, చెల్లెలు పోయాక నేను కనపడగానే మాటలాపేసే మా వీధిలో నడిచినట్టుంది నాకు."

మాస్టారు బల్ల ఎక్కి ప్లగ్గు పెట్టాడు. ఆ రోజు కథలో చచ్చింది ఒక ముసలి గడియారాల వ్యాపారి. ముగ్గురూ పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుని చూస్తున్నారు.

"ఏం మాస్టారూ, మొగుడేనా?" అంది కాజాలక్క.

మాస్టారు చేతిలో ముద్ద దించి ఆమెవైపు చూశాడు. తర్వాత జిప్పుల పిల్ల ఫక్కున నవ్వి, అన్నం పొలమారి, వదిన చేత వీపు మీద చరిపించుకుంది. మాస్టారు కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

అంతమాత్రాన అంతా మునుపటిలా అయిపోలేదు. తెరమీద చచ్చిపోయిన మనిషిని చూపించినప్పుడల్లా వదిన నోరు తెరవబోయి, ఓరకంట ఇటు చూసి, సలహాని మింగేసేది. ఆ ఓరచూపు కాజాలక్క చూస్తూనే ఉండేది. ఒకసారి మాత్రం వదిన తెరమీది పిల్లని చూసి తనలో తను, "ఈ పిల్లకి ఎవరున్నారో ఏమో," అనుకుంది. నేరం ఎవరు చేశారో చెప్పేదే గానీ, ఆ కార్యక్రమం ఆ సంగతి చెప్పేది కాదు.

ఆదివారాలు అన్న ఫోను చేయడం మొదలుపెట్టాడు. వంట ముగించి, గది ఊడ్చుకుని, ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసేది. ఒక వారం అతనొక సంగతి చెప్పేవాడు, ఒక వారం ఆమె చెప్పేది. ఆ పిల్ల బతికింది ఇరవై రెండేళ్ళు. ఇద్దరూ కలిపి చెప్పుకున్నా సరుకు ఎక్కువ లేదు. చలికాలం వచ్చేసరికి అతను చొక్కా సంగతి మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడు. "ఇది నీకు చెప్పానో లేదో," అన్నాడు.

"లేదు, చెప్పు," అంది ఆమె.