ఇద్దరు తక్కువైన ఫోటో

ఇప్పుడైతే అర్థం కానిదాన్ని కాలేదని ధైర్యంగా చెప్పేస్తున్నాను గానీ, అమెరికాలో, సన్నీవేల్‌లో దిగిన ఆ కొత్త రోజుల్లో నాకొచ్చిన ఇంగ్లీషంతా ఒక్క మాటలో ఇమిడిపోయేది: “ష్యూర్”. మేనేజరు ఏమడిగినా ముందు ష్యూర్ అనెయ్యడం, తర్వాత సీటుకొచ్చి ఆయన అడిగిందేమిటా అని తల పట్టుకోవడం. తెలియదంటే ఎక్కడ నా వీసా కాగితాల మీద సంతకం ఆగిపోతుందోనని భయం. (ఆ సంతకం పెట్టేది ఆయన కాదనీ, హెచ్ఆర్‌లో ఒకావిడనీ తెలియడానికి రెండేళ్ళు పట్టింది.)

మేం ‘పెద్దాయన’ అని పిలుచుకునే ఆ మేనేజరుకి పాత బేస్‌బాల్ జట్ల ఫోటోలు పోగుచెయ్యడం పిచ్చి. అవీ మామూలువి కావు, నూరేళ్ళు దాటినవి, దళసరి అట్టకి అంటించి గోధుమరంగుకి తిరిగినవి. ఒక శుక్రవారం కాలికి కట్టుతో కూర్చుని నన్ను పిలిచాడు. కొండల అవతల చిన్న ఊళ్ళో ఎవరో ముసలావిడ పోయిందట. మర్నాడు ఆవిడ ఇంట్లో సామానంతా అమ్మకానికి పెడుతున్నారట. అందులో ఆ ఊరి పాత బేస్‌బాల్ జట్టు ఫోటో ఉందని కబురు. ఆ జట్టులో ఆడినవాడు పెద్దాయన ముత్తాత. ఆ ముత్తాత ముఖం ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. ఇరవయ్యేళ్ళుగా వెతుకుతున్నాడు.

“డాక్టర్ డ్రైవ్ చెయ్యొద్దన్నాడు. నువ్వు తెచ్చిపెడతావా? అక్కడ వేరే టీముల ఫోటోలు కూడా ఉండొచ్చు, బేస్‌బాల్‌ది చూసి తీసుకో” అన్నాడు. “ష్యూర్” అన్నాను. బేస్‌బాల్ ఎంతమంది ఆడతారో కూడా నాకు తెలియదు. ఫోన్లలో ఇంకా కెమెరాలు లేని కాలం, ఫోటో తీసి పంపి అడిగే వీలూ లేదు.

నాకు లైసెన్సు లేదు కాబట్టి కారు మా రూమ్మేటుది. వరంగల్ వాడు. పార్కింగ్ లాట్‌లో మేం ఆడే ఆదివారం క్రికెట్‌కి వాడే నాయకుడు గనక అందరం కెప్టెన్ అనేవాళ్ళం. మర్నాడు ఆ ముసలావిడ ఇంట్లో భోజనాల బల్ల మీద రెండు ఫోటోలున్నాయి. రెండింట్లోనూ టోపీలు, చేతులు కట్టుకున్న మగవాళ్ళు, గుబురు మీసాలు. పేరూ ఊరూ ఏమీ రాసిలేవు. కెప్టెన్ వేలుపెట్టి లెక్కపెట్టాడు.

“గీ దాంట్ల తొమ్మిది మందే ఉన్నర్రా. ఇద్దరేరి?”

“ఆ రోజు రాలేదేమో.”

“ఫోటో దిగే రోజు ఎవడన్న రాకుంటడారా? గిది సూడు, పదకొండు మంది, నిండుగున్నది. గిదే తీస్కో.”

నాకూ అదే న్యాయంగా తోచింది. క్రికెట్‌కి పదకొండు, హాకీకి పదకొండు, ఫుట్‌బాల్‌కీ పదకొండే. (కబడ్డీకి ఏడుగురని గుర్తొచ్చింది గానీ, కబడ్డీ వాళ్ళు టోపీలు పెట్టుకోరు కదా అని సర్దిచెప్పుకున్నాను.) కొని బయల్దేరబోతుంటే, మెడలో భూతద్దం వేలాడేసుకున్న ఒక బట్టతలాయన తొమ్మిదిమంది ఫోటో చేతిలోకి తీసుకుని, “ఇది నీకు వద్దా?” అని గొంతు తగ్గించి అడిగాడు. “వద్దండీ, అందులో ఇద్దరు తక్కువ” అని ఉదారంగా చెప్పాను. ఆయన నన్నూ ఫోటోనీ మార్చి మార్చి చూసి, దాన్ని చంకలో పెట్టుకుని దాదాపు పరిగెత్తుతూ వెళ్ళిపోయాడు. పాపం మోసపోయాడని కార్లో ఇద్దరం జాలిపడ్డాం.

పెద్దాయన ఇంటికెళ్ళి అందించగానే పైన చుట్టిన కాగితం విప్పాడు. చాలాసేపు చూశాడు. “వీళ్ళ వెనక నీడలో ఈ మూడు కర్రలేమిటి?” అన్నాడు. వంగి చూశాను. వికెట్లు. చిన్నప్పట్నుంచీ వాటి ముందు నిలబడి లెక్కలేనన్నిసార్లు ఔటైన నాకు, అక్కడ అవి కనబడనే లేదు. వికెట్లని చెబితే, ఆ కాలంలో ఇక్కడా క్రికెట్ ఆడేవారని ఆయనే చెప్పాడు. బేస్‌బాల్‌కి తొమ్మిదిమంది అని కూడా అప్పుడే చెప్పాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కెప్టెన్ బూట్ల లేసులు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. అమ్మకం జరిగిన ఇంటికి ఫోన్ చేస్తే, రెండో ఫోటో కొన్న మనిషి పేరు ఎవరూ రాసుకోలేదన్నారు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా, “రెండోది నువ్వు చూశావు కదా. మా ముత్తాత కింద వరసలో మధ్యన కూర్చున్నాడని మా వాళ్ళు చెప్పేవారు. ఎలా ఉన్నాడు?” అని అడిగాడు.

కళ్ళు మూసుకుని ఎంత తవ్వినా తలలే వచ్చాయి, ఒక్క ముఖమూ రాలేదు. తెలియదని చెప్పాల్సింది. “పెద్ద మీసాలున్నాయి సార్” అన్నాను. (అందరికీ ఉన్నాయి.)

“నిజంగా?” అని నున్నటి తన పైపెదవి తడుముకున్నాడు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన రిటైరై చాలాకాలమైంది. ఇప్పటికీ పాతసామాన్ల దుకాణంలో జట్టు ఫోటో కనబడితే, నేను కింద వరసలో మధ్యవాడి దగ్గర ఆగిపోతాను. “ఎవరండీ, తెలిసినవాళ్ళా?” అంటుంది మా ఆవిడ. “ఒకసారి కలిశాం. అప్పుడు సరిగ్గా చూడలేదు” అని నవ్వేస్తాను.